సున్నపు బట్టీ దగ్గర నెత్తురు కక్కిన బండి

బట్టీ కూలీ జయమణికి అన్యాయం జరిగింది 2016 మే నెలలో. బీటలిచ్చిన సున్నపు బట్టీ ఎక్కనని ఆవిడ మొత్తుకుంటే, ఎక్కకపోతే రేపట్నించి పనిలోకి రావద్దన్నాడు యజమాని. ఎక్కింది. బట్టీ గోడ కూలి ప్రాణం పోయింది. కేసు ఏమైందో ఎవరికీ తెలీదు గానీ, దెయ్యం మాత్రం అక్కడే మిగిలిపోయింది. ఎక్కించినవాడు దర్జాగా తిరుగుతుంటే, చచ్చినావిడకి చెడ్డపేరు... బాగుంది న్యాయం!

జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చే పాత రోడ్డులో, ఎత్తు ముగిసేచోట ఉంది ఆ బట్టీ. అక్కడ ఆగిన బండి నెత్తురు కక్కుతుందట. కళ్ళారా చూశామని డ్రైవర్లు ఒట్టేసి మరీ చెప్పేవాళ్ళు. చూసి, బళ్ళు అక్కడే వదిలేసి పరిగెత్తారు కూడా — అందరూ మీసాలున్నవాళ్ళే.

ఒకనాడు చీకటి పడే వేళకి కృపాజ్యోతి ట్రాలీ బండి సరిగ్గా అక్కడే ఆగింది.

వెనక రెండు డేగిశాల నిండా బిర్యానీ. పక్క సీట్లో మేనత్త ఆదెమ్మ. నందిగామలో బెన్ని అనే కుర్రాడి పెళ్ళి విందు, ఆదెమ్మకి వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. వేళకి అందకపోతే మళ్ళీ ఏ పెళ్ళివారూ ఆవిణ్ణి పిలవరు. హైవే మీద పని జరుగుతోందని, వేళ మించకుండా కృపాజ్యోతి ఈ పాత రోడ్డు పట్టింది.

"ఎందుకాపావే ఇక్కడ?" గొంతు తగ్గించి అడిగింది ఆదెమ్మ.

"నేనాపలా అత్తా. వేడి ముల్లు ఎర్ర గీత దాటింది."

బండి ముందు భాగంలోంచి — స్‌స్‌స్‌స్...

"యేసయ్యా! జయమణి!"

"ఆవిరి అత్తా, ఆవిరి. నువ్వు బిర్యానీకి దమ్ము పెట్టినప్పుడు ఇట్టా అరిచావా?"

కృపాజ్యోతి దిగి, ఫోను లైటు వేసి చూసింది. రేడియేటర్ అంచున వెంట్రుకంత పగులు. పచ్చటి కూలెంట్ అంతా రోడ్డు పాలు. వేడి మీద మూత తీస్తే మొహం ఉడికిపోద్దని, చల్లారేదాకా స్టీరింగ్ మీద వేళ్ళతో దరువేస్తూ కూర్చుంది.

ఇంత సన్నటి పగులుకి డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది — రేడియేటర్లో ఇంత పసుపు వేసి నీళ్ళు పోయడం. పసుపు పగుల్లోకి దిగి పూడుకుపోతుంది, షెడ్డు చేరేదాకా ఆగుతుంది. వంటమనిషి సంచిలో పసుపుకి కరువా? కరువల్లా నీళ్ళకే. తెచ్చుకున్న సీసా ఎప్పుడో తాగేశారు.

బట్టీ వెనక, ఒకప్పుడు సున్నం నానబెట్టిన తొట్టి ఉంది. నిండా వాన నీళ్ళు.

"వెళ్ళొద్దే... నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళొదిలి పసుపు తియ్యి."

మాట గట్టిదే. తొట్టి దగ్గరికి వెళ్ళేలోగా మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. చీకటి... కూలిన గోడ... చీమ చిటుక్కుమనడం లేదు. కళ్ళు మూసుకుని బకెట్ అడుగుదాకా ముంచింది. లాగింది. రాలేదు. లోపల్నుంచి ఎవరో పట్టుకున్నట్టు...

గుంజింది — వదిలేశారు!

అడుగున బురదేలే అనుకుంటూనే పరుగు లంకించుకుంది. తడిసిన చేతులు చురచురమన్నాయి.

రేడియేటర్లో గుప్పెడు పసుపు వేసి, నీళ్ళు పోసి, మూత బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసింది. ఆదెమ్మ లైటు పట్టుకుంది. పగుల్లోంచి ఒక బొట్టు... ఇంకో బొట్టు...

ఎర్రగా.

"నెత్తురే!" ఆదెమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

కృపాజ్యోతి తన చేతులు చూసుకుంది. అరచేతులు కూడా... ఎర్రగా.

"పరిగెత్తవే! పోతే పోయింది బిర్యానీ!"

ఆ మాటే ఆమెని ఆపింది. పొద్దుటినుంచి పొయ్యి దగ్గర మాడిన మనిషి నోట రావలసిన మాటేనా అది? అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుంది. నెత్తుటి వాసన లేదు. వంటింటి వాసన.

"అత్తా, పక్కింటి పుష్పవతి మనవడికి దిష్టి తీసే ఎర్రనీళ్ళు దేంతో కలుపుద్ది?"

"పసుపులో సున్నం..." ఆదెమ్మ లైటు తొట్టి వైపు తిప్పింది.

"మరి ఆ తొట్టి దేనిది?"

ఎత్తెక్కేసరికి బండి వేడెక్కుతుంది, పాత రేడియేటర్ పగులిస్తుంది. ఆగిన ప్రతి మొనగాడూ బండిలో ఉంచుకున్న ఇదే పసుపు వేశాడు, ఇదే తొట్టి నీళ్ళు పోశాడు. ఎర్రనీళ్ళు చూసి పారిపోయి, నింద జయమణి నెత్తిన వేశాడు!

ఈలోగా బొట్లు ఆగిపోయాయి. బండి కదిలింది. నందిగామలో మూత తీస్తే బిర్యానీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. వడ్డిస్తున్నంతసేపూ ఆదెమ్మ, దెయ్యానికి ఎదురు నిలిచింది తానొక్కతేనన్నట్టు చెప్పుకుంటే, కృపాజ్యోతి నవ్వి ఊరుకుంది.

తెల్లారి షెడ్డులో మేస్త్రీ, సున్నపు నీళ్ళు పోసినందుకు ఆమెని తిట్టుకుంటూనే రేడియేటర్ కడిగి, పగులు అతికి, కొత్త కూలెంట్ పోశాడు. తిరుగుదారిలో ఆమె బట్టీ దగ్గర కావాలనే బండి ఆపింది. మగ్గులో తొట్టి నీళ్ళు ముంచి, పసుపు కలిపి, మిగిలిన గోడ మీద వేలితో రాసింది. "ఎండకి వెలిసిపోద్దే," అంది ఆదెమ్మ. "పోతే మళ్ళీ రాస్తా. పసుపుకి కరువా?"

గోడ మీద ఎర్రటి అక్షరాలు:

జయమణి ఏ బండినీ ఆపలేదు. ఆమెని బట్టీ ఎక్కించినవాణ్ణి అడగండి. — కృపాజ్యోతి, 22-11-2024.