పాతలాకు దగ్గర ఫోన్ ఆపేస్తారు

పాతలాకు పేరు చెబితే మా వైపు పిల్లలు ఇప్పటికీ మారాం మానేసి అన్నం తినేస్తారు. పగలు చూస్తే అక్కడ భయపడ్డానికేం లేదు. భీమవరం దాటాక చేపల చెరువుల మధ్య నుంచి పోయే కాలవ, కాలవకి అడ్డంగా తుప్పు పట్టిన ఇనప తలుపులు, గట్టు మీద లాకు పనివాళ్ళు ఎప్పుడో వదిలేసిపోయిన పెంకుటిల్లు. అంతే. కానీ చీకటి పడిందంటే మాత్రం... ఆ గట్టు మీదుగా పోయేవాళ్ళు ముందుగా చేసే పని ఒకటుంది. ఫోన్ ఆపేస్తారు.

సైలెంట్‌లో పెట్టడం కాదు, పూర్తిగా ఆపేస్తారు. లాకు దాటి చెరువుల మలుపు తిరిగాకే మళ్ళీ వెలిగిస్తారు. మేత బస్తాలు తోలే వ్యాను డ్రైవర్లూ అంతే, చెరువు కాపలాకి పోయేవాళ్ళూ అంతే. ఇంజనీరింగు చదివొచ్చి దెయ్యాల్లేవని కిళ్ళీకొట్టు దగ్గర వాదించే కుర్రాళ్ళూ అంతే. వాళ్ళ వాదనంతా పగటిపూటే.

ఎందుకంటే... నాగదుర్గ.

మొగుడి దెబ్బలు పడలేక పారిపోయొచ్చి ఆ పెంకుటింట్లో దాక్కుందట నాగదుర్గ. ఎక్కడుందో కన్నతల్లికి కూడా చెప్పలేదు. చేతిలో ఫోన్ మాత్రం ఉంది. ఆ ఫోన్ ఎక్కడుందో చూసుకుంటూ మొగుడు సరాసరి ఆ పెంకుటింటి గుమ్మం దాకా వచ్చాడట. తెల్లారేసరికి ఆవిడ కాలవలో తేలింది. ఫోన్ దొరకనేలేదు. అప్పట్నుంచీ ఆ గట్టు మీద ఎవరి ఫోన్ వెలిగినా ఆవిడ వస్తుందంటారు. వచ్చి చెవి దగ్గర అడుగుతుందట—

"నేనిక్కడున్నానని చెప్పింది నువ్వేనా?"

ఈ కథ విని సుప్రజ నవ్వింది. ఆ మధ్య కాలంలో నవ్విందే లేదేమో, ఆ నవ్వు ఆమె చెవికే కొత్తగా వినిపించింది.

"దెయ్యాలకి కూడా ఫోన్లు కావాలా అత్తా?"

"నవ్వకే. నీకు తెలీదు" అంది పాపాయి.

పాపాయి సుప్రజకి మేనత్త. భర్త పోయాక లాకుకి దగ్గర్లోని పల్లెలో ఒక్కతే ఉంటోంది. సుప్రజ తన కూతురు గీతికని చంకనేసుకుని ఆ ఇంటికొచ్చి ఎన్నో రోజులు కాలేదు. వస్తూనే తలుపు గడియ పెట్టి, "ఎవరైనా అడిగితే నేను లేనని చెప్పత్తా" అంది. పాపాయి ఇంకేం అడగలేదు. పాపకి అన్నం కలిపి పెట్టింది.

పెద్దాపురంలో మొగుడి ఇంటి నుంచి బయటపడ్డాక సుప్రజ తలదాచుకున్న మూడో చోటు అది. మొదట రాజమండ్రిలో లేడీస్ హాస్టల్‌లో దిగింది. సుధాకర్ వచ్చి గేటు ముందు నిలబడ్డాడు. అక్కణ్ణుంచి తునిలో స్నేహితురాలు మెర్సీ ఇంటికి పోయింది. అక్కడికీ వచ్చాడు. ఆ సారి మెట్ల మీద చెయ్యి మెలిపెట్టి విరిచేశాడు. కట్టు విప్పాక కూడా ఆ చేత్తో బిందె ఎత్తలేకపోతోంది. "ఇంకోసారి పారిపోయావంటే పాపని తీసుకెళ్ళిపోతా. నిన్ను మిగల్చను" అన్నాడు. సుధాకర్ అన్నంత పనీ చేసే మనిషి.

వాడికెలా తెలుస్తోంది? సుప్రజకి కంటి మీద కునుకు లేకుండా చేస్తున్న ప్రశ్న ఇదొక్కటే. మెర్సీయే చెప్పి ఉంటుందనుకుంది. "నేను చెబుతానా సుప్రజా?" అని మెర్సీ ఏడ్చినా నమ్మలేదు. మాటలు మానేసి రైలెక్కింది. రైలు గోదావరి మీదుగా పోతుంటే సిమ్ తీసి కిటికీలోంచి నీళ్ళలోకి విసిరేసింది. దిగాక కొత్త నంబరు తీసుకుంది. ఫోన్ మాత్రం పాతదే ఉంచుకుంది. పెళ్ళయిన కొత్తలో సుధాకర్ కొని, అన్నీ తనే పెట్టి చేతికిచ్చిన ఫోను. పాప పుట్టినప్పటి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. నంబరు మారిస్తే ఇంకెవరూ పట్టుకోలేరని ఆమె ధైర్యం. చాలామంది అలాగే అనుకుంటారు పాపం.

కార్తీకం వెళ్ళిన మర్నాడు పోలి పాడ్యమి. ఇంకా చుక్కలుండగానే ఆడవాళ్ళు కాలవకెళ్ళి అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతారు. ఊళ్ళో వాళ్ళంతా వంతెన రేవుకి పోతారు. పాపాయి మాత్రం ఏటా లాకు మెట్ల దగ్గరే వదులుతుంది. తన దొప్పలతో పాటు ఒకటి ఎక్కువ తెస్తుంది, నాగదుర్గ పేరున.

"దానికెవరున్నారే వదలడానికి" అంటుంది.

ఆమెని ఒక్కదాన్నే చీకట్లో పంపడం ఇష్టంలేక సుప్రజ తోడు బయల్దేరింది. నిద్రపోతున్న గీతికకి దుప్పటి సరిచేసి, బయట తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుంది. గట్టెక్కేసరికి మంచు ముఖానికి తగులుతోంది. దూరంగా చెరువుల్లో చేపలకి గాలి అందేలా నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు. దారి కనబడక సుప్రజ ఫోన్ లైటు వేసింది.

"లాకొచ్చింది... ఆపెయ్యవే" అంది పాపాయి గొంతు తగ్గించి.

"సైలెంట్‌లోనే ఉందిలే అత్తా. మెట్లు జారుతున్నాయి, లైటుండనీ."

పాపాయి మెట్ల మీద కూర్చుని ఒత్తులు వెలిగించింది. ఒక్కో దొప్పా నీళ్ళ మీద పెట్టి చేత్తో నెడుతుంటే దీపాలు ఊగుతూ, ఇనప తలుపుల వైపు మెల్లగా కదిలాయి. చివరికి ఒక్కటి మిగిలింది. దుర్గ దొప్ప. పాపాయి దాన్ని చేతిలోకి తీసుకుందో లేదో—

సుప్రజ చేతిలో ఫోన్ మోగింది.

మామూలుగా కాదు. కాలవ గట్లు రెండూ అదిరేలా మోగింది. సైలెంట్‌లో ఉన్న ఫోను... తెర తెల్లగా వెలిగింది. నంబరు లేదు. పేరు లేదు. ఎవరో పిలుస్తున్న గుర్తే లేదు. ఆపబోతే మంచుకి మొద్దుబారిన వేళ్ళకి బటన్ అందలేదు. కాసేపటికి దానంతట అదే ఆగింది.

పాపాయి దొప్పని రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుని, "దుర్గమ్మా... మేం చెప్పలేదమ్మా... మేమెవరికీ చెప్పలేదు" అని గొణుగుతోంది.

సుప్రజకీ భయం వేసింది. కానీ ఆమె భయం వేరు. ఈ మోత తను విన్నదే. రాజమండ్రి హాస్టల్‌లో విన్నది, తునిలో మెర్సీ ఇంట్లో విన్నది. ఫోన్ పాడైంది కాబోలనుకుంది. రెండుచోట్లా ఆ మోత తర్వాతే గుమ్మంలో సుధాకర్ నిలబడ్డాడు. ఇంకా వెనక్కి వెళితే పెద్దాపురం ఇల్లు. ఫోన్ ఎక్కడ పెట్టిందో మర్చిపోయి తను వెతుక్కుంటుంటే సుధాకర్ కుర్చీలోంచి కదలకుండా తన ఫోన్‌లో ఏదో నొక్కేవాడు. సైలెంట్‌లో ఉన్నదల్లా బియ్యం డబ్బా వెనకాల నుంచి గొల్లుమనేది. "నువ్వెక్కడ పెట్టినా నాకు తెలుస్తుంది" అని నవ్వేవాడు. అప్పుడది ముద్దనుకుంది, పిచ్చిది.

మెర్సీ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. పాప ఫోటోల కోసం గుండెకి హత్తుకుని తిరిగిన ఈ ఫోనే ప్రతిచోటా చెబుతూ వచ్చింది.

"అత్తా... ఇది దెయ్యం కాదు. సుధాకర్."

"ఎక్కడ?"

"దగ్గర్లోనే ఉన్నాడు."

ఆపేద్దామనుకుంది. ఆపేస్తే? చివరిసారి ఇక్కడుందని వాడి ఫోన్ చూపిస్తుంది. లాకు నుంచి పోయే దారి ఒక్క పల్లెకే. పల్లెలో పాపాయి ఇల్లేదని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆ ఇంట్లో గీతిక ఒక్కతే నిద్రపోతోంది. లేదు... ఫోన్ ఇంకెక్కడికైనా పోవాలి. తను లేని చోటికి, పాప లేని చోటికి.

గట్టు చివర మంచులో బైకు లైటు ఒకటి కనిపించింది.

సుప్రజ మేనత్త చేతిలోని దొప్ప లాక్కుంది. దీపం తీసి మెట్టు మీద పెట్టి ఆర్పేసింది. ఫోన్ లైటు ఆర్పి దొప్పలో బోర్లా పెట్టింది.

"అది దుర్గదే!"

"దుర్గే తీసుకుపోతుందిలే అత్తా. రా!"

చీకట్లో దొప్పని నీళ్ళలోకి నెట్టేసింది. అది కదిలిందో లేదో చూసే వ్యవధి లేదు. పాపాయి రెక్క పట్టుకుని మెట్లెక్కి, ఊళ్ళో ఎవరూ అడుగు పెట్టని ఆ పెంకుటింట్లోకి దూరింది. లోపల గబ్బిలాల కంపు. కిటికీ ఊచల పక్కన గోడకి అతుక్కుని ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

బైకు ఆగింది. లైటు ఆరింది. సుధాకర్ దిగి నిలబడ్డాడు. చేతిలోని ఫోన్ వెలుగు వాడి గడ్డం మీద పడుతోంది. తల ఎత్తి పెంకుటింటి వైపు చూశాడు. నాలుగడుగులు వేశాడు. ఇంకో నాలుగు... వాడి చెప్పుల కింద ఎండాకులు నలగడం లోపలికి వినిపిస్తోంది. సుప్రజ కొంగు ముడిలోని తాళంచెవిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

గుమ్మానికి అవతలే ఆగి, వాడు ఫోన్ మీద వేలితో నొక్కాడు.

మోత...

కాలవలో. దూరంగా, ఇనప తలుపుల దగ్గర.

సుధాకర్ గిర్రున వెనక్కి తిరిగాడు. అక్కడ తలుపులకి ఆనుకుని గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని ఉంది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా సమంగా, నీళ్ళన్న జాడే లేకుండా, మంచు పట్టి పచ్చిక బయలులా. పాపాయి వదిలిన దీపాలన్నీ దాని అంచున చేరి మినుకుమంటున్నాయి. మోత ఆ పచ్చదనం మధ్యలోంచి వస్తోంది. మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు, దాని కింద నిలువులోతు నీళ్ళని. సుధాకర్ మెట్ట మనిషి.

"సుప్రజా... అక్కడున్నావా..." అన్నాడు. మెత్తగా, ముద్దుగా. చెయ్యి విరిచిన రోజు కూడా అలాగే పిలిచాడు.

వాడు గట్టు దిగుతున్నాడు.

సుప్రజ నోరు తెరిచింది. 'అది నేల కాదు' అంటే చాలు. ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే... తనెక్కడుందో వాడికి తెలిసిపోతుంది.

ఎవరూ ఆమె నోరు నొక్కలేదు. తనే మూసుకుంది.

పెద్ద చప్పుడేం కాలేదు. దుంగేదో బురదలోకి జారినట్టు, అంతే. ఆకులు విడిపోయి మళ్ళీ దగ్గరకొచ్చాయి. దీపాలు ఊగాయి. వాడు పోయాక కూడా ఆ మోత కాసేపు మోగుతూనే ఉంది... తర్వాత ఆగింది.

తెల్లారాక జనం గడలేసి వెతికి పైకి తీశారు. పోలీసులొచ్చి చూసి, మంచులో గట్టనుకుని దిగాడని రాసుకున్నారు. ఊళ్ళో వాళ్ళు మాత్రం దుర్గ తీసుకుందని తేల్చేశారు. సుప్రజ ఎవరితోనూ వాదించలేదు. తీసుకున్నది దుర్గ కాదని, ఆ దొప్ప వదిలింది తనేనని ఆమెకి తెలుసు. రాత్రిళ్ళు గీతిక నిద్రపోయాక ఏడ్చేది. పోయినవాడి కోసమో, ఆ ఒక్క మాట అననందుకో ఆమెకే తెలియదు.

మెర్సీకి ఫోన్ చేసి క్షమించమంది. మెర్సీ ఇద్దరి తరఫునా ఏడ్చి, అప్పుడు చెప్పింది. "నంబరు కాదే పిచ్చీ! ఆ ఫోన్‌లో మెయిల్ ఆయన తెరిచింది, పాస్‌వర్డ్ ఆయనది. దాంతో ఫోన్ ఎక్కడున్నా చూడొచ్చు, మోగించొచ్చు. నువ్వెన్ని సిమ్ములు మార్చినా ఆయన జేబులో ఉన్నట్టే." సుప్రజ కొత్త ఫోన్ కొనుక్కుంది. మెయిల్ తనే తెరుచుకుంది. పాస్‌వర్డ్ మేనత్తకి కూడా చెప్పలేదు.

వేసవిలో ఎప్పట్లాగే కాలవ కట్టేశారు. నీళ్ళు పోయాక గుర్రపుడెక్క లాగి, లాకు దగ్గర పూడిక తీస్తున్నారు. పనికొచ్చిన ఐజాక్ అనే అతను మట్టి కొట్టుకుపోయిన ఫోనొకటి పట్టుకుని గట్టు మీదుగా పోతున్న సుప్రజని పిలిచాడు.

"అమ్మా, ఇది మీదేనాండీ? వెనకాల కవర్లో మీ పాప ఫోటో ఉందండి."

సుప్రజ అందుకుంది. తనదే. అనుకోకుండా కళ్ళు ఇనప తలుపుల వైపు పోయాయి.

"తలుపుల దగ్గర దొరికిందా?"

"కాదండి. తలుపుల దగ్గరంతా నేల తేలేదాకా తవ్వేశామండి, అక్కడేం లేదండి. ఇది మెట్లకిందేనండి. కుళ్ళిన అరటి దొప్ప అంటుకుని, కింది మెట్టుకి ఆనుకునుందండి." ఐజాక్ చేతి మట్టి దులుపుకున్నాడు. "దొప్పలో పెట్టారేంటండీ? బరువుకి ఆగుద్దాండీ? వదిలిన చోటే మునిగిపోయుంటదండి."

సుప్రజ చేతిలో చచ్చిన ఫోన్. ఎదురుగా నీళ్ళు లేని కాలవ, బురద ఆరిన ఇనప తలుపులు. గుమ్మం దాకా వచ్చినవాణ్ణి అంత దూరం నుంచి పిలిచి, వెనక్కి తిప్పి, తన దగ్గరికి రప్పించుకున్న ఆ మోత ఇంకా చెవుల్లో ఉంది.

పట్టపగలు, గట్టు మీద అందరూ చూస్తుండగానే, సుప్రజ తన కొత్త ఫోన్ తీసి ఆపేసింది.

"నేనెవరికీ చెప్పను దుర్గా" అంది.