పడుగు దిగేదాకా

మూడు రోజుల తర్వాత ఆ ఉదయం ధర్మవరంలో కొళాయి నీళ్ళు వచ్చాయి. వీధంతా బిందెల గోలలో ఉంటే, రామాంజినమ్మ మాత్రం ఎప్పటిలాగే ఆరింటికే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంది. నీళ్ళు పట్టడానికి కోడలు ఉంది. మగ్గం మీద సగం నేసిన ఎర్ర పెళ్ళిచీర ఉంది. ఆమెకు లోకంలో ఇంకేదీ పట్టదు. పట్టదని అందరూ అనుకోవాలని ఆమె పట్టుదల.

ముందుగదిలో కొత్త కంప్యూటరు పెట్టారు. పాతది పోయిన నెలలో పాడైపోయింది. అంతకుముందే రిపేరు చేసే మనిషి అందులోని మెయిళ్ళన్నీ ఒక సీడీలోకి ఎక్కించి ఇచ్చాడు. మూడేళ్ళ కిందట పంపిన అంచు డిజైనే మళ్ళీ కావాలని చెన్నై షాపువాళ్ళు అడుగుతున్నారు. ఆ డిజైను పాత మెయిళ్ళలో తప్ప ఎక్కడా లేదు. కొడుకు దేవేంద్రకు మెయిలు చదివి జవాబు రాయడం వరకే తెలుసు, సీడీ నుంచి దించే పని చేతకాదు. పెళ్ళికి ముందు అనంతపురంలో కంప్యూటరు కోర్సు చేసిన భార్యకు సీడీ ఇచ్చి, తను స్నానానికి వెళ్ళాడు.

"సుజాతా, దొరికితే ప్రింటు తియ్యి. తక్కినవాటి జోలికి పోవద్దు" అన్నాడు వెళ్తూ వెళ్తూ. సుజాత ఆ మాటను పట్టించుకోలేదు.

ఆ ఇంట్లో కంప్యూటరు అంటేనే ఒక చేదు. మొదటి కంప్యూటరు బిగించడానికి బళ్ళారి నుంచి వచ్చినవాడు తిప్పేస్వామి. మెయిలు పంపడం ఇంటి ఆడపిల్ల పద్మప్రియకు నేర్పాడు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ బళ్ళారిలో పెళ్ళి చేసుకున్నారు. కులం వేరు, భాష వేరు. అది రెండువేల మూడులో జరిగింది. తర్వాత రెండేళ్ళకు కోడలిగా వచ్చిన సుజాత ఆడబిడ్డ మొహం ఒక్కసారీ చూడలేదు. ఆ మనిషి అత్త తిట్లలోనే సుజాతకు పరిచయం.

"మూడేండ్లు దాటె. ఒక్క ముక్క రాసిందా? కన్నతల్లి ఉండాదా పోయిందా అని అడిగిందా?" అని రామాంజినమ్మ రోజుకొకసారైనా అనేది.

సీడీలోని మెయిళ్ళు ఒక్కొక్కటిగా కొత్త కంప్యూటరులోకి దిగాయి. డిజైను దొరికింది. దాంతో ఆగి ఉంటే ఆ పూట మామూలుగానే గడిచేది. సుజాత తీసిపారేసిన మెయిళ్ళ డబ్బా కూడా తెరిచింది. ఏడు మెయిళ్ళు. ఏడూ పద్మప్రియవే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. రెండోది చదివేసరికి సుజాతకు కళ్ళు మసకబారాయి.

దేవేంద్ర తల తుడుచుకుంటూ వచ్చి, తెర వైపు చూసి నిలబడిపోయాడు.

"అది ముయ్యి."

"ముయ్యను. ఏంటివి ఇవి? అత్త దినామూ తిడతాంటే నోరు మూసుకోని విన్నావే! ఆమె రాసింది గదా! ఏడుసార్లు రాసింది గదా!"

"మెల్లగా మాట్లాడు, అమ్మ నేస్తాంది."

కానీ అప్పటికే మగ్గం చప్పుడు ఆగిపోయింది. రామాంజినమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరు రాసినారు?" అంది. తెర వైపు చెయ్యి చూపించి, "చదువమ్మీ" అంది కోడలితో.

సుజాత చదివింది. "అన్నా, ఇది అమ్మకు చదివి వినిపించు. మా, నేను బాగుండా. ఫోను చేస్తే అన్న పెట్టేస్తాండాడు. నువ్వు తిట్టినా సరే, ఒక్క మాట చెప్పు, వచ్చి కాళ్ళ మీద పడతా."

పంపిన మెయిళ్ళలో దానికి ఈ ఇంటి నుంచి పోయిన జవాబు ఒక్కటే ఉంది. సుజాత అదీ చదివింది. "నీకు దినం చేసినామని అమ్మ చెప్పమంది."

రామాంజినమ్మ కొడుకు వైపు తిరిగింది. "నేనా? నేను చెప్పినానా రా, కడుపున పుట్టినదాన్ని?"

"చెప్పినావు!" దేవేంద్ర ఒక్కసారిగా అరిచాడు. "దాని పేరు ఎత్తగానే, రాసిందని నేను చెప్పేలోపే, ఆ గుంతలో కూర్చోని, తల గూడా ఎత్తకుండా చెప్పినావు. దినం చేసినామని రాయి, పడుగు దిగేదాకా దాని మాట నా చెవిన వెయ్యద్దు అన్నావు. నేను ఎదురుచూసినా మా. పడుగు అయిపోవచ్చిన రోజే ఇంకోటి అతికించినావు. దాని తర్వాత ఇంకోటి. ఎప్పుడు చెప్పల్ల?"

పెళ్ళిచీర మగ్గం మీద ఉండగా నేసేవాళ్ళ మనసు చెడే మాట ఆ ఇంట్లో ఎత్తరు. పోగు తెగుతుందని వాళ్ళ నమ్మకం. ఒక పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోవస్తే దాని కొసలకే కొత్త పడుగు పోగులు అతికి నేత సాగిస్తారు. మగ్గం ఖాళీగా ఉండే రోజంటూ ఉండదు.

"సాకు బాగుండాది" అంది సుజాత. "ఆమెవల్ల నీకు రెండు సంబంధాలు తప్పిపోయినాయని కడుపుమంట. అది చెప్పు ముందు."

"అదీ ఉండాది" అన్నాడు దేవేంద్ర. "కోపంతోనే తీసేసినా. పూర్తిగా చెరిపెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు."

"తక్కినవి చదువు" అంది రామాంజినమ్మ.

"మా, నాకు ఏడో నెల. ఈడ అత్త మంచిదే, కన్నడం తప్ప రాదు. నీ మగ్గం చప్పుడు లేకుంటే నాకు నిద్ర పట్టదు." ఇంకొకటి, మరొకటి. చివరిది రెండేళ్ళ కిందటిది. "పాపకు ఆర్నెల్లు. నీ పేరే, అంజని అని పెట్టినాం. మొదటి పుట్టినరోజుకు పావడ కుట్టించల్ల. నువ్వు నేసిన గుడ్డ కొంచెం పంపు మా. పంపకుంటే నేను నిజంగానే చచ్చినాననుకుంటా. ఇంక రాయను." కింద బళ్ళారి చిరునామా ఉంది.

ఎవరి మీద అరవాలో రామాంజినమ్మకు తెలియలేదు. కొడుకును కొడదామంటే, అతను రాసింది తన మాటే.

"మగ్గం ఎన్నటికీ ఖాళీ కాదని నాకు తెలీదా రా?" అంది చివరికి. "ముప్పై ఏండ్లు నేసినా. తెలిసే అన్నా. అది వచ్చి బతిమాలితే కరిగిపోతానని భయపడి అన్నా."

ఆమె లోపలికి నడిచింది. గూట్లో ఉన్న కత్తెర తీసింది.

"మా! వద్దు! చీర సగమే అయింది! శ్రావణంలో పెండ్లివాళ్ళకు ఇయ్యల్ల!" దేవేంద్ర పరుగెత్తాడు.

సగం చీర కోయడం నేసే ఇంట్లో ఎవరూ చేయని పని. భర్త శ్రీరంగప్ప పోయిన రోజు కూడా ఆమె ఆ పని చేయలేదు. పదకొండో రోజు దాటాక వచ్చి, ఆగిన చోటునుంచే నేసింది. ఇప్పుడు పడుగును అంచు నుంచి అంచుకు కోసుకుంటూ పోయింది. బిగువు తప్పిన పోగులు గుంతలోకి జారిపోయాయి.

"ఇప్పుడు దిగింది" అంది.

దేవేంద్ర తల్లి కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది గానీ ఓదార్చలేదు.

"బళ్ళారికి రైలు ఎన్నింటికి రా?"

"పదిన్నరకు. నేనూ వస్తా మా."

"రా. నా నోటిమాట నీ చేత్తో రాసినావు. ఇద్దరం పోయి నిలబడల్ల."

"రెండేండ్లాయ అత్తా. ఆ ఇంట్లోనే ఉండారో లేదో" అంది సుజాత భయంగా.

"లేకుంటే వెతుకుతా. ఉండి తలుపు వేస్తే వాకిట్లో కూర్చుంటా." రామాంజినమ్మ ఎర్రపట్టును మంచం మీద పరిచింది. పావడకు సరిపడా ముక్క కోద్దామని కత్తెర అందుకుంది. తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూసింది, కిందికి దించింది, మళ్ళీ కొంచెం పైకి ఎత్తింది.

"రెండున్నరేండ్ల పిల్ల. ఎంత ఎత్తుంటాది?"

సుజాత దేవేంద్ర వైపు చూసింది. మూడు గంటల రైలు దూరంలో పెరుగుతున్న ఆ పిల్ల ఎంత ఎత్తుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

రామాంజినమ్మ కత్తెర పక్కన పెట్టి, గుడ్డను మొహానికి అదుముకుని, మూడేళ్ళుగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. తర్వాత దాన్ని కోయకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది.