మూడో మైకు విన్న ఊపిరి

ఆ భవనం మూడో అంతస్తులో, నడవా చివరనున్న రికార్డింగు గదికి మంచి పేరు లేదు. గది మాత్రం బంగారంలాంటిది. గోడలకి మెత్తటి పలకలు, కింద దళసరి తివాచీ, వెనకగోడకి నిలువెత్తు తెర. అద్దె కూడా సగమే. అయినా చీకటి పడ్డాక అందులో పాడమంటే ఎవరికో ఒకరికి తలనొప్పి వచ్చేసేది.

ఎందుకంటే — అక్కడ రికార్డు చేసిన పాటలో ఒక ఊపిరి ఎక్కువ వినిపిస్తుందట.

ఎప్పుడో, కోరస్‌లో పాడే ఒకమ్మాయికి ఆ గదిలో మొదటిసారి తన సొంతానికంటూ ఒక పాట దొరికింది. ఆఖరి పాదం దగ్గర ప్రతిసారీ ఊపిరి చాలేది కాదు. "ఇంకోసారి" అన్నారు. మళ్లీ "ఇంకోసారి" అన్నారు. నలభై సార్లని ఒకరంటారు, కాదు అరవై అని ఇంకొకరంటారు. చివరికి మంచినీళ్లు తాగొస్తానని బయటికెళ్లి, మెట్ల మీదే కూలిపోయి మళ్లీ లేవలేదు. పాట అలాగే సగంలో ఉండిపోయింది. చూసినవాళ్లు ఎవరూ దొరకరు గానీ, చెప్పేవాళ్లకి మాత్రం కొదవ లేదు.

ఇలాంటివి వింటే పగలబడి నవ్వే సౌండ్ ఇంజినీరు ఒకాయన ఉన్నాడు. పొద్దస్తమానం "సైలెన్స్!" అని అరిచి అరిచి, అదే ఆయన పేరైపోయింది. "సైలెన్స్ గారొచ్చారు, టీవీ కట్టెయ్యండి" అని భార్య కూడా ఆటపట్టిస్తుంది. హెడ్‌ఫోన్లలో వినపడనిది లోకంలోనే లేదని ఆయన గట్టి నమ్మకం.

అంతటివాడూ ఒక రాత్రి తన అక్కని వెంటబెట్టుకుని ఆ గదికే వెళ్లాల్సివచ్చింది.

అక్క పిల్లలకి సంగీతం నేర్పే టీచరు. గొంతులో ఏదో కాయ పెరిగింది. తెల్లారి ఎనిమిదింటికి ఆపరేషన్. ప్రాణానికి భయం లేదు, మళ్లీ పాడగలదో లేదో మాత్రం చెప్పలేనన్నాడు డాక్టరు. అక్క కూతురికి ఏడో నెల. పుట్టబోయే బిడ్డకి తన గొంతుతో ఒక జోలపాట మిగిల్చాలని అక్క ఆశ. అక్కాతమ్ముళ్ల అమ్మ కట్టిన పాట, నాలుగే పాదాలు. "రెండుసార్లు పాడుకోండి. మూడోసారి వద్దు" అని డాక్టరు గట్టిగా చెప్పాడు.

తమ్ముడి సొంత స్టూడియో పక్కన కొత్త భవనం కడుతున్నారు, రాత్రీ పగలూ యంత్రాల మోత. ఆ పూటకి ఖాళీగా దొరికింది ఈ గదొక్కటే. తాళాలు తెచ్చినాయన రెండో అంతస్తులోనే ఆగిపోయి, చెయ్యి చాచి తాళంచెవి అందించాడు.

"తొందరగా దిగిపోండి సార్..." అన్నాడు గొంతు తగ్గించి.

తమ్ముడు ముగ్గురు స్నేహితుల్ని బతిమాలి మూడు కండెన్సర్ మైకులు తెచ్చాడు. మామూలు మైకులు వదిలేసేవన్నీ ఇవి పట్టేస్తాయి, చేతి గడియారం టిక్కుటిక్కుతో సహా. అక్క గొంతుకి ఏది నప్పుతుందో తేలాలంటే ఒక్కోదాని ముందూ విడివిడిగా పాడించే వీల్లేదు. అందుకని మూడింటినీ పక్కపక్కనే బిగించి, ఆఖరి పాదం అసలు రికార్డింగుకి దాచి, మొదటి మూడు పాదాలే ఒక్కసారి పాడించి, మూడూ విడివిడిగా రికార్డు చేశాడు.

తర్వాత ఒక్కొక్కటే వినిపించాడు. గదిని రెండుగా విడదీసే అద్దానికి ఇవతల తను, అవతల అక్క. ఇద్దరి చెవులకీ హెడ్‌ఫోన్లు.

మొదటిది సరికొత్త మైకు. "స" వచ్చినచోటల్లా చెవిలో సూది గుచ్చినట్టుంది. రెండోది పాతకాలపు వాల్వు మైకు, వేడెక్కడానికే అరగంట తీసుకుంది. అందులో అక్క బొంగురు ఎటుపోయిందో పోయి, గొంతు నున్నగా పలికింది.

"ఇదే అక్కా! పాతికేళ్ల పిల్లలా ఉన్నావు."

"ఆ పిల్లెవరో బిడ్డకేం తెలుసురా? అమ్మమ్మ గొంతు అమ్మమ్మలాగే ఉండాలి. మూడోది పెట్టు."

మూడోది దేన్నీ దాచలేదు, దేన్నీ కలపలేదు. బొంగురు, వణుకు, వయసు... అచ్చంగా అక్కే. తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు వినిపించింది.

మూడో పాదం మధ్యలో, అక్క ఇంకా పాడుతుండగానే... ఎవరో ఊపిరి తీసుకున్నారు. చిన్నగా. భయంభయంగా.

మళ్లీ వేశాడు. మొదటి మైకులో లేదు. రెండోదాన్లో లేదు. మూడోదాన్లో — ఉంది.

లేచి లోపలికెళ్లి మైకు చూశాడు. చూసి, హమ్మయ్య అని నవ్వేశాడు. దాని ఒంటిమీద చిన్న మీట ఉంది. ముందునుంచి మాత్రమే వినాలా, ముందూ వెనకా రెండువైపులా వినాలా అన్నది దాంతో మార్చుకోవచ్చు. ఎవరో రెండువైపులకీ పెట్టి వదిలేశారు, ఈయన చూసుకోలేదు.

"ఇరవయ్యేళ్ల సర్వీసు అక్కా! నిన్నగాక మొన్న చేరినవాడు చేసే పొరపాటు చేశాను. వెనకనుంచి ఏదో గాలి దూరుంటుంది."

వెనక తెర ఎత్తి చూశాడు. వట్టి గోడ. కిటికీ లేదు, సందు లేదు. అయినా మీట ముందుకి తిప్పేసి, బయటికొచ్చి కూర్చున్నాడు.

రికార్డింగుకి ముందు ఒక నిమిషం గదిలోని నిశ్శబ్దాన్ని వినడం ఆయన అలవాటు.

"సైలెన్స్," అన్నాడు.

అక్క ఊపిరి బిగబట్టి నిలబడింది. పది క్షణాలు... ఇరవై...

మళ్లీ అదే ఊపిరి. ఈసారి ఇంకా దగ్గరగా.

మైకు వెనకవైపు ఇప్పుడు వినదు. అంటే ఊపిరి పీలుస్తున్నది... మైకు ముందు. అక్క పక్కన.

అద్దం అవతల అక్క ఒక్కతే ఉంది.

"అక్కా... వచ్చెయ్. వెళ్లిపోదాం."

అక్క కూడా విన్నది. ముఖం పాలిపోయింది. కానీ కదల్లేదు.

"తెల్లారితే నన్ను లోపలికి తీసుకెళ్లిపోతారు. ఇప్పుడు వెళ్లిపోతే ఇంకెప్పుడు పాడతాన్రా?"

మెల్లగా పక్కకి తిరిగి, క్లాసులో వెనక వరస పిల్లతో మాట్లాడినట్టు, ఆ ఖాళీలోకి గుసగుసగా అంది —

"అక్కడ కాదమ్మా. మాట మధ్యలో తీసుకుంటే ఆఖర్న చాలదు. మూడో పాదం పూర్తిగా సాగనియ్యి... అప్పుడు నిండుగా తీసుకో. తొందరేం లేదు."

తమ్ముడు రికార్డు నొక్కాడు.

అక్క పాడింది. ఒకటో పాదం... రెండు... మూడో పాదం చివరిదాకా సాగింది. అప్పుడు ఒక నిండు ఊపిరి వినిపించింది. దానితోపాటే — ఇంకొకటి.

నాలుగో పాదం మొదటి మాటకే అక్క గొంతు తెగిపోయింది. మెడ పట్టుకుని, పెదాలు బిగించి నిలబడిపోయింది. తమ్ముడి ముందు, మొదటి మైకు శబ్దాన్ని చూపించే మీటరు ముల్లు పడిపోయింది. రెండోదీ పడిపోయింది.

మూడోది కదులుతూనే ఉంది.

తమ్ముడు హెడ్‌ఫోన్లు లాగి అవతల పడేశాడు. ముల్లు మాత్రం... పాదం మొత్తం అయ్యేదాకా లేస్తూ పడుతూ కదిలి, అప్పుడు ఆగింది.

ఆపరేషన్ అయిన వారానికి డాక్టరు తమ్ముణ్ని పక్కకి పిలిచి, మాట వస్తుంది గానీ పాట మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆ మాట అక్కకి ఎలా చెప్పాలో తెలియక మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ అతని ముఖం చూసే గ్రహించింది. ఇంకా మాట్లాడకూడదు కాబట్టి పలక తీసుకుని రాసింది — "పాట?"

"ఆఖరి పాదం... నువ్వు పాడలేకపోయావు కదక్కా," అన్నాడు తలొంచుకుని. ఆ రికార్డింగు విందామన్న ధైర్యం అతనికి ఇంతవరకూ రాలేదు.

అక్క మూడు వేళ్లు చూపించింది. మూడోది.

హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకి పెట్టి, ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. అక్క కళ్లు మూసుకుంది. మూడు పాదాలు గడిచాయి. కాసేపటికి ఆవిడ మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆ నీళ్లతోనే నవ్వింది. ఎన్నాళ్లనుంచో రాని పాఠం వెనక వరస పిల్లకి వచ్చేసిన రోజున నవ్వే నవ్వు అది.

పలక మీద రాసి, అతని వైపు తిప్పింది.

"ఈసారి ఊపిరి సరిగ్గా తీసుకుంది. బిడ్డకి ఇదే ఇవ్వు."