మూడో అంతస్తులో ఏడుపు

రాత్రిపూట ఆ మూడో అంతస్తుకి వెళ్ళొద్దని మా వదిన ఆఫీసులో ఊడ్చేవాళ్ళ దగ్గర్నించి మేనేజరు దాకా అందరూ చెప్పేవారట. అదొక బీమా కంపెనీ కాల్ సెంటరు. ఫోన్లెత్తడానికి మెషీను వచ్చాక ఆ అంతస్తు మొత్తం ఖాళీ చేయించారు. మనుషులు పోయారు గానీ — గొంతులు పోలేదు. చీకటి పడితే పైనుంచి ఒక ముసలావిడ ఏడుపు... కాసేపటికి ఎవడో తాగుబోతు తిట్లు... లిఫ్టు పొరపాటున అక్కడ ఆగితే జనం కళ్ళు మూసుకునేవారు.

మెషీను వచ్చిన కొత్తలో అందరికీ సంబరమే. తలనొప్పి కాల్సన్నీ అదే చూసుకుంటుంది, మనం తీరిగ్గా టీ తాగొచ్చన్నారు. తాగారు. ఆ తర్వాత ఇంటికెళ్ళి తాగమన్నారు. అక్కడే పనిచేసే మా అన్నయ్య ఉద్యోగం అలాగే పోయింది.

మిగిలింది రెండో అంతస్తులో వదిన సీటు. ఏడ్చేవాళ్ళనీ అరిచేవాళ్ళనీ సముదాయించడం మెషీనుకి చేతకాక, ఆ కాల్స్ ఆవిడకి పంపేది; పంపి, ఆవిడ ఎలా ఓదారుస్తుందో వింటూ ఉండేది. "అవి కూడా ఆగిపోతే మీరూ ఇంటికే," అని మేనేజరు మొహమ్మీదే చెప్పాడు.

ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తోంది. అన్నయ్య ఏదో గోడౌన్లో రాత్రి కాపలా దొరికిందని వెళ్ళేవాడు గానీ, జీతం ఊసెత్తితే మాట మార్చేవాడు. అందుకే ఫోన్లో ఎవరైనా ఏడిస్తే వదినకి ప్రాణం లేచొచ్చేది. పాపం, సిగ్గుపడుతూనే చెప్పింది నాకు.

ఆ రాత్రి ఒక్క కాల్ కూడా రాలేదు...

ఎప్పుడూ చెవులకి హెడ్‌సెట్ ఉండేది కాబట్టి, పైనుంచి వచ్చే చప్పుళ్ళు ఆవిడ ఎన్నడూ వినలేదు. ఆ రాత్రి విసుగొచ్చి తీసి పక్కన పెట్టింది.

వినబడింది.

సన్నగా... ఎక్కిళ్ళు పెడుతూ... ముసలావిడ ఏడుపు. ఆ గొంతు వదినకి తెలుసు! పోయిన మొగుణ్ణి తలుచుకుంటూ తరచూ తనకి ఫోన్ చేసే ముసలావిడే. కూర్చోలేక, గోడ పట్టుకుని మెట్లెక్కింది.

తలుపు ఓరగా ఉంది. దుమ్ము కొట్టుకుపోయిన కుర్చీల మధ్య, నేలమీద ఎవరో... తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, పాత ఆఫీసు ఫోన్లో ఏడుస్తున్నారు.

మా అన్నయ్య!

చిన్నప్పుడు మా అమ్మ గొంతుతో పక్కింటివాళ్ళని పిలిచి ఆటపట్టించేవాడు వాడు. ముసలావిడా, తాగుబోతూ — ఇన్నాళ్ళూ అన్నీ వాడే. ఇంట్లో కాపలా అని చెప్పి వచ్చి, వదినకి కాల్స్ ఆగిపోకూడదని రాత్రంతా ఇక్కడ కూర్చుని ఏడుస్తున్నాడు.

వదినకి కోపమూ రాలేదు, నవ్వూ రాలేదు. గుండె కలుక్కుమంది.

"ఏమండీ..." అంది మెల్లగా.

అన్నయ్య తల తిప్పాడు. ఆవిడ వంక చూశాడు. చేతిలో ఫోన్ వంక చూశాడు.

"నువ్విక్కడున్నావేంటి?" గొణిగాడు. "ఇంతసేపూ... నీతోనే కదా మాట్లాడుతున్నాను!"

ఫోన్లోంచి వదిన గొంతు — అచ్చం ఆవిడ గొంతే, ఆవిడ జాలే — నిదానంగా పలికింది:

"ఏడవకండమ్మా... నేనున్నాను కదా. చెప్పండి, వింటున్నాను."