పది గంటలకు తప్పే లెక్క

ఎమ్మెట్ షూల్జ్ అనే ఇంజనీర్‌ని తన గ్యారేజీలోనే కాల్చి చంపారు. పోయింది ఒక్కటే, బల్ల మీద విప్పి పెట్టుకున్న గ్రాఫింగ్ కాలిక్యులేటర్.

"ఓక్లహోమా ఫిరంగి శిబిరంలో ట్రెయినీలు అలాంటి కాలిక్యులేటర్లతోనే గురి లెక్కలు కడతారు. వేగం కోసం ఊళ్ళో లోర్నా షాపులో ప్రాసెసర్ చిప్ మార్పించుకున్నారు" అన్నాడు చీఫ్ హాస్కెల్. "లోర్నా మన మనిషే. విదేశీ ముఠాలో మన చెవి. వెళ్ళి కలువు."

ఏజెంట్ ఓరిన్ టాకెట్ లెక్కల మాస్టారి వేషంలో మర్నాడు ఉదయాన్నే షాపులో దిగాడు.

"పాతది మరీ ఆలోచిస్తోందండీ." అన్నాడు. అది కోడ్ మాట.

"కొత్తది అసలు ఆలోచించదు."

ఎర్ర సిల్కు గౌను, మెడలో ముత్యాలు. లోర్నా పంది పక్కటెముకలు చీకుతోంది. ఆ జిడ్డు వేళ్ళతోనే అతను తెచ్చిన కాలిక్యులేటర్ విప్పి, పాత చిప్ ఊడదీసి, కొత్తది అతికించింది. ఓరిన్ దాన్ని రుమాలుతో తుడిచి అందుకున్నాడు.

ఆమె ఫోన్ కోసం లోపలికి వెళ్ళగానే ఒక లెక్క నొక్కాడు. జవాబు సరిగ్గానే వచ్చింది. అందులోని గడియారాన్ని శిబిరంలో కాల్పులు మొదలయ్యే పది గంటలకి జరిపి మళ్ళీ నొక్కాడు. కోణం రెండు డిగ్రీలు తప్పింది!

ఆ రోజు కాల్పులు అసలు గుండ్లతో. ట్రెయినీల కుటుంబాలు చూడ్డానికి వస్తున్నాయి. ఇప్పుడు తొమ్మిదిన్నర.

లోర్నా గుమ్మంలో నవ్వుతోంది. "కనిపెట్టేశావన్నమాట. ఎమ్మెట్ కూడా ఇలాగే కెలికాడు, పాపం."

"గుండు జనం మధ్య పడుతుంది. పిల్లలుంటారక్కడ!"

"నావాళ్ళెవరూ లేరుగా, బంగారం." పళ్ళ సందులో ఇరుక్కున్న మాంసం ముక్కని గోటితో లాక్కుంది.

 ఆమె సొరుగులోని పిస్టల్ అందుకునేలోపే ఓరిన్ చెయ్యి మెలితిప్పి, బల్లకి బేడీ వేశాడు. శిబిరానికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. జీపెక్కాడు.

మైదానం చేరేసరికి పది దాటి రెండు నిమిషాలు. ఫిరంగి గొట్టం తిరిగిపోయింది. సార్జెంట్ చెయ్యి పైకి లేచింది. ఓరిన్ పరిగెత్తి గొట్టానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవడ్రా నువ్వు? చస్తావ్, తప్పుకో!"

"కాలిక్యులేటర్ తప్పు చెబుతోంది. కోణం కాగితం మీద కట్టి చూడు. తేడా రాకపోతే అప్పుడే కాల్చు!"

సార్జెంట్ పళ్ళు కొరుకుతూ పెన్సిల్ తీశాడు. లెక్క పూర్తయ్యేసరికి మొహం పాలిపోయింది. తల తిప్పి కుటుంబాలు కూర్చున్న గ్యాలరీ వైపు చూసి, గడ్డిలో కూలబడ్డాడు.

సాయంత్రం ఓరిన్ మూడోసారి చేతులు కడుక్కుంటుంటే హాస్కెల్ వచ్చాడు.

"లోర్నా ముఠా పేర్లన్నీ చెప్పేసింది. బదులుగా కేసు లేదు. కొత్త ఊళ్ళో ఇల్లు, కొత్త పేరు ఇవ్వాలి. ఏం పేరు పెడదాం?"

"నన్నడక్కండి సర్. నాకు తోచేవేవీ పాస్‌పోర్టులో రాయరు."