పని నేర్పినవారి పేరు

“దావలో బస్సుకేమన్నా అయితే? పరీక్షలో కండ్లు తిరిగి పడిపోతే? ఆడ నీకెవరుండారు పాపా?”

సువార్త ఈ మాటలన్నప్పటికి కూతురు కృప ఇంకా జడ కూడా వేసుకోలేదు. వాకిట్లో తడి గోనెసంచి మీద చామంతులు, కనకాంబరాలు. గోడకు ఆనుకుని సువార్త భర్త ఇమ్మానుయేల్ కూర్చున్నాడు. బత్తలపల్లె బస్టాండు దగ్గర పూల అంగడి ఆయనది. కృప పదిరోజులుగా ఒక కాగితం ఆయన ముందు పెడుతోంది. ఆయన దానివైపు చూడటం లేదు.

పూల అలంకరణలో చేయి తిరిగినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్టు ఇస్తారు. ఆ పరీక్ష ఈ మధ్యాహ్నమే, అనంతపురంలో. అది చేతిలో ఉంటే పెద్ద పెద్ద ఫంక్షన్ హాళ్లు పిలిచి పనిస్తాయి. కాగితంలో ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంది. పని నేర్పినవారి పేరు, సంతకం.

“పెట్టు నాయనా. పదేండ్లుగా నీ అంగట్లోకి నేను కట్టలేదా?”

“నా బిడ్డ పూలబుట్ట ముట్టలేదని చర్చిలో అందరికీ చెప్పుకున్యా. కంప్యూటర్ పని చేస్తాండాదని చెప్పినా. ఇప్పుడు రాసిచ్చి అబద్ధాలోడు అనిపించుకోవల్లనా?”

“అబద్ధం చెప్పమని నేనడిగినానా?”

“పూలు కట్టేదానికి సర్టిఫికెట్టంట. రేపు సంగటి తినేదానికీ ఇస్తారేమో.”

“ఇస్తే మొదటిది నీకే, నాయనా.”

“మెల్లగా మాట్లాడు పాపా,” సువార్త వీధిలోకి చూసింది. “కణేకల్ సంబంధం వాళ్లకు తెలిస్తే యేం గావల్ల?”

“తెలియనీ మా. పూలు కట్టే చేతులు వద్దనేవాళ్లు నాకూ వద్దు. పెండ్లికి దండలు మాత్రం కావల్లంటనా?”

అంతలో ఫోన్ మోగింది. పరీక్ష పెట్టే రాఘవేంద్ర సార్. కృప స్పీకర్ నొక్కింది.

“నువ్వు పంపిన కాగితం ఫోటోలో ఒక గడి ఖాళీగా ఉండాది తల్లీ. నేర్పినవాళ్లు ఒక్క మాట చెప్తే నేనే రాసుకుంటా, సంతకం తర్వాత తీసుకుందాం. లేకుంటే పేరు తీసేయాల్సొస్తాది. ఎవరు నేర్పినారు?”

కృప ఫోన్‌ను తండ్రి ముందు పెట్టింది. ఆయన తల తిప్పుకున్నాడు.

నిజానికి ఇమ్మానుయేల్‌కు పూలు కట్టడం రాదు. తెచ్చేదీ, మూరేసి అమ్మేదీ ఆయన. కాలి బొటనవేలికి నార తగిలించి, తొమ్మిదేళ్ల పిల్ల చేత తొలి ముడి వేయించింది సువార్త. కుళాయి రాని ఎండల్లో సాయంత్రం దాకా పూలు వాడకుండా చూడటం చెప్పిందీ ఆమే. అంగడి ఆయనది గనుక పని కూడా ఆయనదేనని ముగ్గురూ అనుకుంటూ వచ్చారు. కాగితం వచ్చిన రోజు కృప కూడా నేరుగా తండ్రి దగ్గరికే వెళ్లింది.

ఇప్పుడు కృప తలెత్తి తల్లిని చూసింది. మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. కృప కళ్లు నిండాయి.

“హలో? లైన్లో ఉండారా?”

సంతకం సరిగా రాదని నవ్వుతారేమో. ఈయన అన్నం మానేస్తాడేమో. కణేకల్ వాళ్లు వద్దంటారేమో. సువార్త మనసులో అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. అవతల ఆ సారు గొంతు సవరించుకున్నాడు. ఆమె తడి చేయి కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

“ఉండాం సార్,” అంది. “సువార్త అని రాసుకోండి. నా బిడ్డకు నేనే నేర్పినా.”