ఎడమ చెవికి చిన్న సైజు

మగపిల్లికి పళ్ళు పీకితే పిల్లలు పుట్టినట్టు రిపోర్టు వెళ్ళింది.

తప్పు టైపిస్టుది. సంతకం డాక్టరుది. కోపం మాత్రం పిల్లిని పెంచుకున్న హెడ్మిస్ట్రెస్సుది. ఆవిడ రిటైరై ఆరేళ్ళయినా ఆవిడ ఎర్రసిరా పెన్ను ఇంకా డ్యూటీలోనే ఉంది.

డాక్టరు కుక్కలకీ పిల్లులకీ చిలకలకీ వైద్యం చేస్తాడు. ఒక్కో కేసు అవగానే ఫోను నోటి దగ్గర పెట్టుకుని గడగడా చెప్పి రికార్డు పంపిస్తాడు. టైపిస్టు ఇంట్లో కూర్చుని అది విని టైపు చేసి పంపుతుంది. ఎనిమిది నెలలుగా ఇదే పని. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. వారానికోసారి ఫోన్లో పోట్లాడుకోవడం మాత్రం క్రమం తప్పలేదు.

"మేడమ్, నేను ఏం చెప్పాను? 'పళ్ళు మూడు తీశాం, ఒకటి పుచ్చిపోయింది, రెండు బాగానే వచ్చాయి' అన్నాను."

"అదే కదండీ నేనూ కొట్టింది."

"మీరు కొట్టింది చదువుతాను వినండి. 'పిల్లలు మూడు తీశాం, ఒకటి చచ్చిపోయింది, రెండు బాగానే వచ్చాయి.'"

టైపిస్టు నాలుక కరుచుకుంది. తగ్గడం మాత్రం తగ్గలేదు. "మరి మీరు చదవకుండానే సంతకం పెట్టారా?"

అవతల కాగితం తిరగేసిన చప్పుడు.

"అది వేరే విషయం. మగపిల్లి అని మొదటి ముక్కే చెప్పాను."

"అప్పుడు మా వదిన కర్టెన్లు కుడుతోందండీ. మిషను చప్పుడులో మగా ఆడా తెలీలేదు."

"హెడ్మిస్ట్రెస్ గారు నా ఎదురుగానే కూర్చున్నారు. బతికిన రెండు పిల్లల్నీ ఎవరికిచ్చావు అంటున్నారు. రేపు పదకొండింటికి వచ్చి మీరే చెప్పుకోండి. ఇంకొక్క తప్పు వచ్చిందంటే మాత్రం నేను వేరేవాళ్ళని చూసుకుంటాను."

ఫోను పెట్టేశాడు. టైపిస్టు ఇంట్లో ఆమె బల్లకు కుడిపక్కన వదిన కుట్టుమిషను, ఎడమపక్కన నాయనమ్మ టీవీ. నడుమ కూర్చుని టైపు చెయ్యడమంటే బస్టాండులో ధ్యానం చెయ్యడమే. ఈ పని పోతే ఇంకో పని దొరకొచ్చు. ఇలా పోట్లాడే మనిషి దొరుకుతాడా అన్న ఆలోచన కూడా వచ్చింది కానీ, దాన్ని లోపలికి రానివ్వలేదు.

సాయంత్రమే వెళ్ళి బయటి శబ్దాన్ని ఆపే ఇయర్‌ఫోన్లు కొనుక్కొచ్చింది. "చెవిలో పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా తెలీదు" అని షాపువాడు ఒట్టేసినంత పని చేశాడు. ఇంటికొచ్చి పెట్టుకుంటే పిడుగు సంగతి దేవుడెరుగు, టీవీలో అత్తగారు ఏడుపు మధ్యలో ముక్కు ఎగబీల్చడం కూడా వినిపించింది. వాల్యూమ్ పెంచింది. చెవులు నొప్పెట్టాయి, అత్తగారు మాత్రం ఆగలేదు. పైగా ఎడమది నిమిషానికోసారి జారి ఒళ్ళో పడుతోంది.

డబ్బాలో చిన్న ప్లాస్టిక్ కవరులో ఇయర్‌ఫోన్ల కొసకి తొడిగే మరో నాలుగు రబ్బరు టోపీలున్నాయి. నాయనమ్మ ఆ కవరుని వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇవి ఏ పూటకి వేసుకోవాలే? అన్నానికి ముందా, తర్వాతా?"

మర్నాడు క్లినిక్కులో హెడ్మిస్ట్రెస్సు టైపిస్టుని ఎగాదిగా చూసింది.

"ఏ స్కూల్లో చదివావమ్మా?"

"మీ స్కూల్లో కాదండీ."

"అదే అనుకున్నా" అని, రిపోర్టులో తప్పులన్నీ ఎర్రసిరాతో చుట్టి, పిల్లిని చంకన పెట్టుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

అప్పుడు డాక్టరు లోపల్నుంచి వచ్చాడు. ఫోన్లో అతని గద్దింపులు విని యాభై ఏళ్ళ బట్టతలని ఊహించుకుంది టైపిస్టు. వచ్చినవాడికి ముప్పై దాటవు. చేతుల నిండా గోళ్ళ గీతలు, ముక్కు మీద ప్లాస్టరు. అది చిలక పని.

"మీరేనా?" అన్నాడు.

"మీరేనా?" అంది.

అతను ఆమె మెడలో వేలాడుతున్న వైర్లు చూశాడు.

"కొత్తవా?"

"ఇంకో తప్పు వస్తే తీసేస్తానన్నారుగా. అందుకని కొన్నాను. నిలవట్లేదు. నా చెవుల్లోనే ఏదో లోపం ఉన్నట్టుంది."

"చెవులు నా డిపార్టుమెంటు. ఇలా కూర్చోండి."

"మీది కుక్కల చెవుల డిపార్టుమెంటు!"

"కుక్కైతే ఈపాటికి కరిచేది. మీరు మాటలతోనే సరిపెట్టారు." అతను ఇయర్‌ఫోను అందుకుని చూశాడు. "డబ్బాలో బిగించి వచ్చిన మీడియం టోపీతోనే వాడేస్తున్నారా? మిగతా సైజులు పెట్టి చూశారా?"

"రెండు చెవులూ ఒక్కలాగే ఉంటాయి కదా అని..."

"ఒకే కాన్పులో పుట్టినంత మాత్రాన ఒకే సైజు ఉండాలని లేదు. నేను పెట్టొచ్చా?"

"కరవనులెండి" అంటూ సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చింది.

కుడి చెవికి మీడియం అతుక్కుపోయింది. ఎడమదానికి చిన్న టోపీ తొడిగాడు. "వైరు కిందికి వేలాడేస్తే బరువుకి లాగేస్తుంది. చెవి మీదుగా వెనక్కి తిప్పాలి. ఇప్పుడు కుడిచెయ్యి తల మీదుగా తెచ్చి ఎడమ చెవిని పైకీ వెనక్కీ లాగండి. అలా లాగితే లోపలి దారి తిన్నగా అవుతుంది. రెండో చేత్తో కాస్త తిప్పుతూ లోపలికి తొయ్యండి. బలవంతం వద్దు."

తల మీద చెయ్యేసుకుని, మోచెయ్యి గాల్లో పెట్టి, కోతిలా ఉన్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది. అతను నవ్వు ఆపుకోవడం కూడా కనిపిస్తూనే ఉంది. టోపీ లోపలికి వెళ్ళి కూర్చుంది.

ఫ్యాను ఆగిపోయింది. అంటే, తిరుగుతూనే ఉంది, చప్పుడే లేదు. పక్కగదిలో నర్సు స్టీలు ట్రే కింద పడేసింది. ఎక్కడో పక్క వీధిలో పడినట్టుంది.

"ఏదైనా మాట్లాడండి" అని సైగ చేశాడు.

"ఏం మాట్లాడను?" అంది. సొంత గొంతు తలలోనే, కుండలో మాట్లాడినట్టు మోగింది.

అతను ఒక చెవిది మెల్లగా తీశాడు. "కుండలో ఉన్నట్టుందా? అయితే మూసుకున్నట్టే. బయటి గోల ఆపేది వాల్యూమ్ కాదు, ఈ బిగువే. ఇక సౌండు సగానికి తగ్గించండి, చెవులకి స్పేర్ పార్టులు దొరకవు. రోడ్డు మీద మాత్రం పెట్టుకోకండి. లారీవాడి హారన్ మీ కోసమే."

ఆ తరువాత తప్పులు ఆగిపోయాయి. పైగా ఇన్నాళ్ళూ మిషను చప్పుడు కింద పూడిపోయినవన్నీ వినపడసాగాయి. రికార్డింగు ఆపడం ఆ మనిషికి సగం సార్లు గుర్తుండదు. ఇంజెక్షన్ వేశాక "అయిపోయింది నాన్నా, ఏడవకు" అని కుక్కని బుజ్జగిస్తాడు. చిలక్కి సారీ చెబుతాడు. చేతులు కడుక్కుంటూ కూనిరాగం తీస్తాడు, అది పరమ ఘోరంగా ఉంటుంది.

"ఏంటే ఆ ముసిముసి నవ్వులు?" వదిన ఆమె భుజం తట్టి అడిగింది. "స్క్రీను మీదేమో కుక్కకి విరేచనాలు అని ఉంది."

మూడువారాలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం కుక్క చెవిలో పుండు కేసు వచ్చింది. నాలుగో నిమిషంలో కేసు అయిపోయింది, రికార్డింగు ఆగలేదు. ఫోను మోగింది. క్లినిక్కు ఫోను స్పీకర్లో ఒక ఆడగొంతు.

"ఆదివారం ఆ అమ్మాయిని చూడ్డానికి వస్తున్నావా లేదా?"

"రానక్కా."

"కారణం?"

"మా టైపిస్టు ఉంది కదా..."

"మగపిల్లికి పురుడు పోసిన అమ్మాయా?"

"ఆఁ. తప్పు చేసినప్పుడల్లా ఫోన్ చేసి పోట్లాడేవాణ్ణి. బుద్ధిలేక నా చేత్తో నేనే ఇయర్‌ఫోన్లు సరిగ్గా పెట్టి పంపించాను. ఇప్పుడు వెతికినా ఒక్క తప్పు దొరకట్లేదు. ఏ వంక పెట్టి ఫోన్ చెయ్యను?"

అక్కగారు పడీపడీ నవ్వింది. "ఇంతకీ నీకేం కావాలిరా?"

"నాకా? ఆమెతో..."

కుక్క మొరిగింది. గట్టిగా, తీరిగ్గా, నాలుగు మాటల పొడుగునా మొరిగింది.

"...అంతే అక్కా" అన్నాడు డాక్టరు. రికార్డింగు అయిపోయింది.

టైపిస్టు పదకొండుసార్లు వెనక్కి తిప్పి వింది. పదకొండుసార్లూ కుక్కే గెలిచింది. ఇయర్‌ఫోన్లు తీసి వదినకి చెప్పింది. వదిన మిషను ఆపేసింది. ఆ ఇంట్లో పట్టపగలు మిషను ఆగడం ఎప్పుడూ లేదు.

"ఇప్పుడేం చేస్తావ్?"

"నాకు చెప్పిన మాట కాదు వదినా. విని విననట్టుంటే రేపు అతని ముఖం చూళ్ళేను. విన్నానని చెబితే, సిగ్గుపడి పనిలోంచి తీసేస్తాడేమో."

"సిగ్గు పోతుంది. దొంగ ముఖం పోదు. చెప్పెయ్."

రిపోర్టు కింద మామూలుగా రాసే గమనికలాగే రాసింది: 'నాలుగో నిమిషం తరువాత వ్యక్తిగత సంభాషణ వచ్చింది. నేను విన్నాను, క్షమించండి. టైపు చేయలేదు. అయితే "ఆమెతో" తరువాత నాలుగు మాటలు కుక్క అరుపులో కలిసిపోయాయి. దయచేసి పూరించగలరు.'

పంపేసింది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. జవాబు లేదు. పని పోయిందని ఖాయం చేసుకుని, ఉన్న రికార్డులైనా పూర్తి చేసి పరువుగా పోదామని ఇయర్‌ఫోన్లు బిగించి కూర్చుంది.

బయట వాన మొదలైంది. ఆ చప్పుడు ఆమెకు తెలియదు. తలుపు తట్టిన చప్పుడూ తెలియదు.

తలుపు తీసింది నాయనమ్మ. "ఎవరు బాబూ?"

"పశువుల డాక్టర్నండీ."

"మా ఇంట్లో పశువుల్లేవు. మా మనవడొకడు ఉన్నాడు గానీ ఆఫీసుకెళ్ళాడు."

టైపింగు బిల్లుల మీది అడ్రసు పట్టుకుని వచ్చి, తడిసి ముద్దయిన డాక్టరు లోపలికొచ్చి, స్క్రీను వైపు తిరిగి ఉన్న టైపిస్టు వీపుని చూశాడు. ముఖం చూస్తే ధైర్యం పోతుందనుకున్నాడో ఏమో, ఆ వీపుకే మొదలుపెట్టి, గొంతు సవరించుకుని, మనసులో ఉన్నదంతా ఏకబిగిన చెప్పేశాడు.

టైపిస్టు 'చిలుక గోరు కత్తిరించడమైనది' అని కొట్టి, ఫుల్‌స్టాప్ పెట్టింది.

స్క్రీను మీద ఏదో నీడ కదిలితే వెనక్కి తిరిగింది. నీళ్ళు కారుతున్న డాక్టరు, నోరు తెరుచుకున్న వదిన, కళ్ళు తుడుచుకుంటున్న నాయనమ్మ! గబుక్కున ఇయర్‌ఫోన్లు పీకేసింది.

"ఏమైంది?"

"అబ్బాయి మొత్తం చెప్పేశాడే. ఎంత బాగా చెప్పాడో!" అంది వదిన.

"ఏం చెప్పాడు?"

"ఈ సంత నేను తెచ్చిపెట్టుకున్నదే" అని డాక్టరు తల పట్టుకున్నాడు.

"మళ్ళీ చెప్పు నాయనా" అంటూ నాయనమ్మ టీవీ ఆపేసింది. "మధ్యలో 'గుండె' అన్నప్పుడు నాకూ సరిగ్గా వినపళ్ళేదు."

"అంతా మళ్ళీ నావల్ల కాదండీ. ఆ నాలుగు మాటలూ చెబుతాను." అతను టైపిస్టు కళ్ళలోకి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆమెతో రోజూ ఎదురుగా కూర్చుని పోట్లాడాలి."

ఆమెకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెంటిలో ఏది ముందో తేల్చుకునేలోగా డాక్టరు జేబులో ఫోను మోగింది. అక్కగారు. తడిచేతులతో అతను ఎక్కడో నొక్కితే అది స్పీకర్లో పడింది.

"చెప్పేశావా? ఏమందిరా?"

టైపిస్టు చెయ్యి చాచి ఫోను అందుకుంది.

"నమస్తే అండీ, నేను టైపిస్టుని. ఆదివారం ఆయన ఎక్కడికీ రారు. నేనే మీ ఇంటికొస్తాను, మీరు ఇంట్లో ఉంటారా?"